డబ్ల్యూ ముందరి అంకె

షువైఖ్‌లో మా షెడ్డు మూడో సందులో,
టైర్ల కొట్టుకీ ఇరానీవాడి రొట్టెల పొయ్యికీ నడుమ.
గోడనిండా డబ్బాలు, డబ్బాలనిండా అంకెలు.
వచ్చిన కొత్తలో
డబ్ల్యూ అంటే వెయిట్ అనుకున్నా.
పెద్ద అంకె, పెద్ద బరువు, మంచి సరుకు.
ఎరువు బస్తా కొన్నట్టే గదా అని.

ఆ జనవరిలో అబూ మిషారీ కొడుకు బండి వచ్చింది.
కొత్తది, సీట్ల మీద ప్లాస్టిక్ ఇంకా తియ్యనిది.
మూత మీద రాసే ఉంది
జీరో డబ్ల్యూ ట్వంటీ అని.
సున్నా ఏం నూనె?
పిల్లోడి బండికి బలంగా ఉండాలని
నా చేత్తో నేనే పోసినా
ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ.

వాళ్లు సాల్మీ దిక్కు గుడారాలకు పోయినారు.
ఎడారిలో తెల్లారుజాము, మూడు డిగ్రీలు.
తాళం తిప్పితే ఇంజిను
ఖాళీ చెంబులో గులకరాళ్లు వేసి ఊపినట్టు
పళ్లు కొరికిందంట.

మౌలాలి మేస్త్రీ తిట్టలేదు.
రాయచోటి మనిషి. ఇరవై రెండేండ్ల నలుపు
అరచేతి గీతల్లో దిగి, ఏ సబ్బుకూ రానిది.
ఆ రాత్రి రెండు నూనెలూ చెరొక సీసాలో పోయించి
షెడ్డు బయట మంచులో పెట్టించినాడు.
పొద్దున్నే రేకుముక్క వాలుగా ఆనించి
పైనుంచి రెండు చుక్కలు వదిలినాడు.
ఒకటి బడి వదిలిన పిల్లోడి మాదిరి ఉరికింది.
రెండోది అక్కడే కూచోని
పోదామా వద్దా అని ఆలోచించింది.

"డబ్ల్యూ అంటే వింటర్ రా అబ్బయ్యా, చలికాలం.
ముందరి అంకె చలిలో దాని మొండితనం.
ఎంత తక్కువైతే అంత బిరీన లేస్తాది.
వెనకాల అంకె వేరే లెక్క.
నీళ్లు మరిగే వేడిలో గూడా
ఎంత చిక్కగా నిలబడతాదో అది.
పాకం చూసినావు గదా?
పొయ్యి మీద తీగ సాగుతాది,
దించి మరిచిపోతే గరిటెనే పట్టుకుంటాది.
బెల్లం అదే."

మరి ఆగస్టులో ఇక్కడ యాభై డిగ్రీలు గదా,
చిక్కందే మేలు గదా అని అడిగినా.
నవ్వినాడు.
"యాభై నీకు ఎక్కువ. దానికి లోపల రోజూ నూరే.
ఆ మూలనున్న ముసలి క్యాప్రిస్ ఉంది చూడు,
దాని సందులు అరిగి వెడల్పయినాయి,
దానికి ఫిఫ్టీ పొయ్యి, కాదనను.
కొత్తదాని సందులు వెంట్రుక కంటే సన్నం.
దాంట్లోకి గంజి దూరతాదా?"

తరువాత, స్పానరు తుడుస్తా, ఎటో చూస్తా అన్నాడు:
"రాత్రంతా నూనె అడుగున పండుకోని ఉంటాది.
తాళం తిప్పినాక పైకి ఎక్కేదాకా
ఆ కాసేపు ఇనుమును ఇనుము తింటాది.
బండి ఎక్కువ అరిగేది దూరాలు పోయి కాదు,
లేచేటప్పుడు."

నూనె దించేసినాము. కొత్తది ఆరు లీటర్లు,
ఫిల్టరుతో కలిపి పద్నాలుగు దినార్లు.
నా జీతంలో ఏడే కోసినారు.
సేటు మంచోడనుకున్నా.
పోయినేడు మౌలాలి వీసా క్యాన్సిల్ చేసుకోని
ఊరికి పోయినాక,
పాత లెక్కల పుస్తకంలో
ఆయన పేరు కింద ఇంకో ఏడు కనపడింది.

ఇప్పుడు కొత్త పిల్లోడొచ్చినాడు, ఓబులేసు, చిట్వేలు వాడు.
నిన్న అడిగినాడు, అన్నా, డబ్ల్యూ అంటే వాటరా అని.
రేకుముక్క ఎక్కడ పెట్టినానో వెతకాల.

శుక్రవారం రెడ్డెమ్మకు ఫోన్ చేస్తా.
మొదటి నిమిషం ఏమీ రాదు.
తిన్నావా. కరెంటుందా. గొర్రెకు నయమైందా.
అంతా గరగర.
"ఏందబ్బా, గొంతులో ఏమన్నా అడ్డం పడిందా?" అంటాది.
లేదు, పెట్టేయొద్దు, అంటా.
కొంచేపు ఆగు.